చీటీ ఊడిన డబ్బీ

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ట్రెవర్ హోల్‌రాయిడ్ దగ్గర ఉన్న సరుకు ఇంతే: మూతలున్న ప్లాస్టిక్ డబ్బీలు రెండు, వాటిలో ఎండి అట్టముక్కల్లా అయిపోయిన చిమ్మటలు రెండు, ఒక డబ్బీకి అంటించిన పెన్సిలు రాత చీటీ ఒకటి, ఎవరికీ చెప్పని మాట ఒకటి. ఇప్పుడు డబ్బీలు గ్వెన్ ప్రాథెరో వంటింటి బల్ల మీద ఖాళీగా ఉన్నాయి. చిమ్మటల పొట్టలు రెండూ రెండు చిన్న గాజు గొట్టాల్లో, మెత్తబడడానికి, పొటాష్ నీళ్ళలో నానుతున్నాయి. చీటీ ఉన్న డబ్బీలోది ఎడమ గొట్టం, చీటీ లేనిది కుడి గొట్టం. రెండూ వేడినీళ్ళ గ్లాసులో పక్కపక్కన నిలబడి ఉన్నాయి. చెప్పని మాట మాత్రం ఇంకా అతని దగ్గరే ఉంది.

"గంట పడుతుంది. ముందే తీస్తే లోపలిది చిరుగుతుంది, ఆలస్యమైతే జావైపోతుంది. ఇది మీ ఇనుప సామాను కాదు ట్రెవర్, సుత్తితో నాలుగు బాది తొందరపెట్టడానికి," అంది గ్వెన్. ఆవిడ ఒకప్పుడు బడిలో సైన్సు గది చూసుకునేది. రిటైరయ్యాక చలికాలమంతా ఈ లోయలో చిమ్మటలు చూసేవాళ్ళు పంపిన డబ్బీలు ముందేసుకుని, రెక్కలు చూసి తేల్చలేనివాటిని పొట్ట కోసి తేలుస్తుంటుంది. అందరూ ఆవిడకు వేసవి పొడుగునా పోగేసినవి పంపి, వసంతం వచ్చేసరికి జవాబులు అందుకుంటారు. కిటికీ బయట మార్చి వాన, సన్నగా, ఆగే ఉద్దేశం లేకుండా. పొయ్యి మీద కెటిల్. ట్రెవర్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, వైద్యుడి గదిలో పక్కమనిషి కోసం వచ్చినవాడిలా.

చూడ్డానికి రెండూ ఒకటే. బూడిద రంగు రెక్కలు, వాటి మీద సన్నటి కుంచెతో గీసినట్టు నల్లటి బాకు గుర్తులు. ఆ గుర్తులున్న జాతులు రెండు, ఒకటి బూడిద బాకు, ఏ తోటలో దీపం పెట్టినా వస్తుంది, రెండోది నల్ల బాకు, పేరుకే నలుపు, పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనపడదు, ఈ లోయలో అది ఉందని ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు. మగదానికి పొట్ట చివర లోపల, ఆడదాన్ని పట్టుకునే కొక్కెం ఉంటుంది, దాని కొసను బట్టే ఏది ఏదో చెప్పాలి. నలభై ఏళ్ళు ఇనుప సామాన్ల కొట్టు నడిపి, ఊళ్ళో సగం తలుపులకు మారు తాళంచెవులు కోసిచ్చిన ట్రెవర్‌కి ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడే నచ్చింది. రెండు తాళంచెవులు ఒకే గుత్తికి వేలాడుతుంటాయి, బరువు ఒకటే, తళుకు ఒకటే, ఒక్క పన్ను తేడా, ఆ పన్ను తాళానికి తెలుసు, మనిషికి తెలియదు. అయితే దేవుడు ఇక్కడో విచిత్రం చేశాడు. పెద్దయ్యాక విడదీయరాని ఈ రెండూ గొంగళిపురుగులుగా ఉన్నప్పుడు పసిపిల్లాడు కూడా విడదీసేలా ఉంటాయి. బూడిద బాకు గొంగళికి వీపు పొడుగునా పసుపు చార, మెడ వెనక నిటారుగా నల్ల కొమ్ము. నల్ల బాకు గొంగళికి ఆ కొమ్ము ఉండదు. ఒరేయ్ ట్రెవర్, కొమ్ము లేదురా, అన్నాడు క్లిఫ్.

తొమ్మిదేళ్ళ కిందట కొట్లో ఎవరూ లేని మధ్యాహ్నం అది, కీళ్ళ డబ్బాలు సర్దుతున్నాడు ట్రెవర్, క్లిఫ్ ఆంబ్లర్ తలుపు తోసుకుని వచ్చాడు, గంట మోగడం ఆగకముందే మాట మొదలుపెట్టాడు, ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన గొంతు, వెనక సీటుదాకా వినపడాలి కదా. కౌన్సిల్ అద్దెకిచ్చిన కూరగాయల మడుల్లో ఆరో మడి క్లిఫ్‌ది, ఆ మడి వెనకాల పాత ముళ్ళపొదల కంచె, తెల్లపూల ముళ్ళచెట్టూ నల్లపళ్ళ ముళ్ళచెట్టూ పెనవేసుకుపోయి, మనిషి దూరలేనంత ఒత్తుగా, వాళ్ళ తాతల నాటిది. ఆ కంచెలో దొరికింది గొంగళి. "కొమ్ము లేదు. ఎర్ర చుక్కలు, తెల్లటి మచ్చలు. నల్ల బాకే. నా ముక్కు మీద ఒట్టు."

"ఫోటో?"

క్లిఫ్ ఫోను తీశాడు. ట్రెవర్ కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు. "నీ బొటనవేలు అద్భుతంగా వచ్చిందిరా. దాని జాతి ఇప్పుడే తేల్చేస్తా. పక్కన ఆకుపచ్చగా ఉన్నది ఆకా, నీ పెరుగు చెంచానా?"

"నవ్వు, నవ్వు. పెంచుతున్నా దాన్ని. గూడు కట్టుకుంటుంది, బయటికొస్తుంది, అప్పుడు చూడు."

"బయటికొస్తే అది ఇంకో బాకు. అందరికీ ఉన్నదే. అనుకోవడం రికార్డు కాదు, క్లిఫ్." ఆ మాట ట్రెవర్ చాలామందితో అన్నాడు, అది అతని పని. లోయలో ఎవరు ఏ చిమ్మట చూశామన్నా ఆ జాబితా ముందు అతని బల్ల మీదికి రావాలి, రుజువుంటే సరి, లేకపోతే పక్కన పెట్టాలి. సరుకు తీసుకునే ముందు చేత్తో తూచి చూడకుండా అతను ఎన్నడూ సంతకం పెట్టలేదు. అలా పెట్టిన కొట్లన్నీ మూతపడ్డాయి, అతనిది నలభై ఏళ్ళు నిలబడింది. సరైన మాటే. ఇవాళ్టికీ సరైన మాటే. పొటాష్ నీళ్ళు కొంచెం పసుపు తిరిగినట్టున్నాయి ఎడమ గొట్టంలో. కుడి దాంట్లో ఇంకా తేటగానే ఉన్నాయా, లేక కిటికీ వెలుతురు అటు పడుతోందా.

"టీ." గ్వెన్ కప్పు పెట్టింది, పక్కనే అల్లం, ఓట్లు వేసి చేసిన నల్లటి కేకు ముక్క, ఈ కొండల్లో ప్రతి ఇంటి డబ్బాలోనూ ఉండే పార్కిన్. ఆవిడ బల్ల అవతలి చివర కూర్చుని వేరే వాళ్ళ పని తీసింది, కుంచెతో దేన్నో తుడుస్తూ. "తొమ్మిదేళ్ళ కిందటి తేదీ ఉంది ఆ చీటీ మీద," అంది తలెత్తకుండా.

"ఫ్రీజర్లో ఉండిపోయింది."

"ఊఁ." కుంచె ఆగలేదు. "నాకందిన డబ్బీ ఏదీ మూడు వారాలకు మించి ఉంచుకోలేదు నేను. మా ఆయన పోయిన నెలలో కూడా."

పార్కిన్ నోట్లో ఇసుకలా ఉంది. క్లిఫ్ సమాధి దగ్గర్నుంచి చర్చి హాలుకి వచ్చాక పెట్టిన టీలోనూ ఇదే ఉంది, పంది మాంసం శాండ్‌విచ్‌లు, ఇది, పల్చటి టీ. జనవరి, హాల్లో హీటరు పనిచెయ్యక అందరూ కోట్లతోనే తిన్నారు. క్లిఫ్ అక్క మావిస్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని వదుల్తోంది, ఎనభైకి దగ్గర పడింది, తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు, ఈవిడా చేసుకోలేదు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరినొకరు తిట్టుకుంటూ బతికారు. ట్రెవర్ చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. "ఏం నాయనా ట్రెవర్, మావాడు నీకిచ్చిన ఆ పురుగు సంగతి ఎక్కడిదాకా వచ్చింది? ఫ్రీజర్లో నా బఠాణీల పక్కన పెట్టాడని ఆరోజు ఇల్లు లేచిపోయేలా అరిచాన్లే."

"తేలుతుంది, మావిస్. నేను చూస్తా."

"ఇప్పుడు తేలితే వాడికేం ఒరుగుతుందిలే. నాకు చెప్పు. చివరి వారం కూడా ఆస్పత్రిలో అదే గోల, కొమ్ము లేదు మావిస్, నా కళ్ళతో చూశా అని. వాడు చూసింది నిజమో, వట్టి పిచ్చో, నాకు తెలియాలి. అంతే నాకు కావలసింది." తర్వాత గొంతు తగ్గించి, "దాన్ని చంపిన పూట ఏమీ తిన్లేదు, తెలుసా నీకు?" అంది.

తెలుసు. క్లిఫ్ ఎన్నడూ ఏదీ చంపలేదు. రాత్రి వెలుతురుతో చిమ్మటల్ని రప్పించే దీపం పెట్టెలో కోడిగుడ్ల అట్టల కింద దాక్కున్నవాటిని పొద్దున్నే ఒక్కొక్కదాన్నీ వేలి మీదికి ఎక్కించుకుని పొదలోకి దించేవాడు, బస్టాపులో ముసలమ్మల్ని దింపినట్టు, మెట్టు చూసుకోండి అమ్మగారూ అంటూ. రుజువు లేదంటే లేదన్నది ట్రెవరే, ఒకదాన్ని చంపి ఇస్తే గ్వెన్‌కి పంపుతానన్నదీ ట్రెవరే. గూడులోంచి వచ్చిన చిమ్మట రెక్కలు ఆరేదాకా చూసి, డబ్బీలో పెట్టి ఫ్రీజర్లో ఉంచాడు క్లిఫ్, అందరూ చెప్పిన పద్ధతే, చలికి నిద్రపోయి అలాగే పోతుందని. గంట తర్వాత తీసి చూస్తే కదులుతోందట. మళ్ళీ పెట్టాడట. కొట్లో కౌంటరు మీద ఆ డబ్బీ పెట్టి ఆ మాట చెప్పినప్పుడు అతని గొంతు వెనక సీటుదాకా రాలేదు. "లైటు ఆరినట్టు ఆరిపోతుందనుకున్నానురా. డబ్బీకేసి రెక్కలు కొట్టుకుంది. తలుపేసినా వినపడింది నాకు." చీటీ కూడా తనే రాశాడు. పద్ధతి ప్రకారం చీటీ మీద చోటు, తేదీ, పట్టినవాడి పేరు ఉండాలి. క్లిఫ్ రాసింది: ఆరో మడి వెనక ముళ్ళ కంచె. గొంగళి నుంచి పెంచినది. కింద, చూసింది, పెంచింది, చంపింది: సి. ఆంబ్లర్. "చంపింది అని ఎవరూ రాయర్రా," అన్నాడు ట్రెవర్ నవ్వుతూ. "చంపినవాడు రాయాలి," అన్నాడు క్లిఫ్.

అప్పుడు పంపాల్సింది. తపాలా కవరు, గ్వెన్ చిరునామా, పది నిమిషాల పని. వెంటనే పంపకపోవడానికి కారణం ఏమీ లేదు, ఉన్నదల్లా చిన్న లోభం. అదే వారం ట్రెవర్ పెరట్లో దీపానికీ ఒక బాకు వచ్చింది, అదీ మగదే, నున్నగా, అప్పుడే గూడులోంచి వచ్చినట్టు. క్లిఫ్‌ది నల్ల బాకైతే మైలు దూరంలో నాదెందుకు కాకూడదు, రెండూ కలిపి పంపుదాం అనుకున్నాడు, లోయకి మొదటిది ఇద్దరి పేరా రాసుకోవచ్చు, లేదా. లేదా ఏమిటో అప్పుడు పూర్తిగా అనుకోలేదు, ఇప్పుడు ఈ వంటింట్లో అనుకుంటున్నాడు. లేదా క్లిఫ్‌ది కాకుండా నాదొక్కటే. రెండు డబ్బీలూ అతని కొట్టువే, ఒకే పెట్టెలోంచి తీసినవే. తన డబ్బీకి చీటీ రాయలేదు. నాది నాకు గుర్తుండదా, అనుకున్నాడు. ఊరంతటికీ చీటీలు రాయమని నేర్పినవాడు.

ఆ తర్వాత వారంలో మడుల సంఘం కార్యదర్శి కొట్టుకి వచ్చాడు. పొదల కింద ఎలుకలు చేరాయి, పొదలు మడుల్లోకి మూడడుగులు పాకాయి, తీసేసి తీగ కంచె వేద్దామంటున్నారు, సిమెంటు స్తంభాలు, జింకు పూత తీగ, ఊరి కొట్లోంచే తీసుకుందామని అందరి మాట, నువ్వేమంటావ్ అన్నాడు. క్లిఫ్ ఒక్కడే అడ్డం, అక్కడేదో అరుదైన పురుగుందంటాడు, నిజమేనా? ట్రెవర్‌కి ఆ క్షణం బాగా గుర్తు. కౌంటరు అంచు మీద పాత కొలబద్ద, ఇత్తడి తలలున్న మేకులు పోసిన సొరుగు, అది సగం తెరిచి ఉంది. ఏమన్నాడు? అబద్ధం చెప్పలేదు. "ఇంకా తేలలేదు," అన్నాడు. నిజమే కదా. కొట్టు నడిపినవాడికి నిజాన్ని ఎంత కోసి ఇవ్వాలో తెలుసు, గజం అడిగితే గజమే. ఆ ఏడాది కొట్టుకి పెద్ద బేరం అదే. డబ్బీలు రెండూ ఫ్రీజర్లో బఠాణీల సంచి కిందికి జరిగాయి, ఎవరూ జరపకుండానే, రోజూ తలుపు తెరిచి మూసేవాడికి సంచులు వాటంతటవే జరుగుతాయి.

ఎలుకలుండేవి, అది నిజం. కంచె ఎలాగూ పోయేదే కూడా, ఒక్క చిమ్మట కోసం సంఘం ఆగేదా, ఆగేది కాదు, బహుశా. బహుశా అన్న మాట మీద తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు, విరిగిన కుర్చీ మీద కూర్చున్నట్టు, బరువు ఒకవైపే వేస్తూ. క్లిఫ్ నాలుగుసార్లు అడిగాడు. మొదటిసారి సెప్టెంబరులో, "ఏమోయ్, మీ గ్వెన్ ఏమంది?" వరుసలో ఉంది. రెండోసారి కంచె తీసే ముందు వారం, "ఒక్క ముక్క కాగితం ఉంటే వాళ్ళ ముఖాన పెడతానురా." వరుసలో ఉందిరా, ఆవిడకి పని ఎక్కువ. అదుగో ఆవిడ, పని ఎక్కువ ఉన్న మనిషి, మూడు వారాలకు మించి ఏదీ ఉంచుకోని మనిషి, ఎవరిదో చిమ్మటను కుంచెతో తుడుస్తూ. మూడోసారి క్రిస్మస్ తర్వాత, నవ్వుతూ, ఏదో అడగాలని అడిగినట్టు. నాలుగోసారి అడిగాడా? అడిగాడు, కళ్ళతో. ఆ తర్వాత మేకులు కొనుక్కోవడానికి వచ్చేవాడు, వాతావరణం మాట్లాడేవాడు, చిమ్మటల జాబితా పంపడం మానేశాడు, దీపం పెట్టె మావిస్ బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోవడానికి వాడుకుంది.

కంచె తీసిన రోజు ట్రెవరే వ్యానులో స్తంభాలు పట్టుకెళ్ళాడు. యంత్రం పొదల్ని పళ్ళతో పట్టి లాగుతుంటే వేళ్ళు తెగే చప్పుడు, తడి మట్టి వాసన, ఒక పిచుక గూడు దారం వేలాడుతూ. క్లిఫ్ ఆరో మడి గట్టు మీద ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు, అరవలేదు, అడ్డం పడలేదు. ట్రెవర్ మొదటి సిమెంటు స్తంభం దించబోతే అతనే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. "వొంగకురా అలా, నడుం పోతుంది. మోకాళ్ళు వంచు." పన్నెండు స్తంభాలూ ఇద్దరూ కలిసి దించారు. అతనికి తెలుసా? తెలిసి పట్టుకున్నాడా? ఆ ప్రశ్న అన్నిటికంటే లోపల ఉంటుంది, దాన్ని ఏ పొటాషూ మెత్తబరచదు. తెలియదనే ట్రెవర్ అనుకుంటాడు ఎక్కువ రోజులు. కొన్ని రోజులు తెలుసనుకుంటాడు, ఆ రోజుల్లో ఆ మోకాళ్ళు వంచు అన్న మాట వేరేలా వినిపిస్తుంది.

"పావుగంట," అంది గ్వెన్. గొట్టాల్ని వెలుతురుకి ఎత్తి చూసి మళ్ళీ దించింది. ఎడమది ఎడమే, కుడిది కుడే. ఆవిడ వాటి మీద మైనం పెన్సిలుతో రాసింది, ఎడమ దాని మీద క్లిఫ్, కుడి దాని మీద ట్రెవర్. ఎందుకంటే ట్రెవర్ అలా చెప్పాడు. చీటీ ఉన్నది క్లిఫ్‌ది, లేనిది నాది.

అది అబద్ధమో నిజమో అతనికి తెలియదు. అదే ఆ చెప్పని మాట. అంత్యక్రియల మర్నాడు ఫ్రీజరు సామానంతా దించి బల్ల మీద పెట్టాడు. డబ్బీలు రెండూ దొరికాయి, మంచు పట్టి, మసకగా. ఏ డబ్బీకీ చీటీ లేదు. టేపు చలికి పెళుసెక్కి, తేమకి వంకరపోయి ఎప్పుడో ఊడిపోయింది, చీటీ బఠాణీల సంచికి అతుక్కుని ఉంది, పెన్సిలు కాబట్టి రాత చెదరలేదు, చూసింది, పెంచింది, చంపింది. ట్రెవర్ భూతద్దం పెట్టి రెండింటినీ గంటసేపు చూశాడు. గొంగళి నుంచి పెంచినది రెక్కల అంచు చెదరకుండా ఉండాలి, ఏ కొమ్మనీ తాకలేదు కదా, దీపానికి వచ్చినది కాస్తయినా అరిగి ఉండాలి. ఒకటి చక్కగా ఉంది, ఒకటి అంచులు చిరిగి, పొడి రాలి ఉంది. చక్కగా ఉన్నది క్లిఫ్‌ది, అంతే. కానీ తన పెరట్లోకి వచ్చినదీ అప్పుడు నున్నగానే ఉండేది. పైగా క్లిఫ్‌ది డబ్బీకేసి రెక్కలు కొట్టుకుంది, తలుపేసినా వినపడింది. అలా కొట్టుకున్నదానికి అంచులు ఎక్కడ మిగులుతాయి? ఈ మాట అతనికి ఆ పొద్దున్నే తట్టింది. తట్టినా, ఆరు వారాలు ఆగి, ఇవాళ ఉదయం కొత్త టేపు తీసి, ఆ చీటీని చక్కగా ఉన్నదాని డబ్బీకే అంటించాడు. బొటనవేలితో నొక్కి, బుడగ లేకుండా. ఎందుకని అడిగితే చెప్పగలడు: మావిస్‌కి ఒక జవాబు కావాలి, జవాబుకి ఒక చీటీ కావాలి, చీటీ ఏదో ఒకదాని మీద ఉండాలి. మంచి సరుకు మీద మంచి చీటీ. చనిపోయినవాడికి బాగున్నదే ఇచ్చాను, తక్కువది నేను పెట్టుకున్నాను. బేరంలో ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

గ్వెన్ ఎడమ గొట్టాన్ని గాజు మూకుడులో వంచింది. సన్నటి సూదులు, కుంచె, మైక్రోస్కోపు దీపం. ఆవిడ భుజాలు ముందుకి వంగాయి, ఊపిరి నెమ్మదించింది. వాన చప్పుడు పెద్దదైంది, లేక గది చప్పుడు తగ్గింది. నల్లది అవ్వాలి, అనుకున్నాడు ట్రెవర్, ప్రార్థన చేసే అలవాటు పోయినవాడు. ఎడమది నల్లదైతే ఇవాళ సాయంత్రమే మావిస్ తలుపు కొడతాను, నీ తమ్ముడు చూసింది నిజం అంటాను, తొమ్మిదేళ్ళు ఆలస్యం నాదంటాను, ఆవిడ తిడుతుంది, తిట్టనీ. నల్లదైతే అన్నీ సరిపోతాయి. అంటించింది నేనైనా సరిపోతాయి, ఎందుకంటే అప్పుడది నిజం అయ్యుంటుంది, అయ్యే ఉంటుంది.

"ఎడమది బూడిద బాకు," అంది గ్వెన్. "అనుమానం లేదు. రండి, చూస్తారా?"

చూశాడు. పసుపు వెలుతురులో చిన్న కొక్కెం, దాని కొస, పుస్తకంలో బొమ్మలో ఉన్నట్టే. ఊళ్ళో ప్రతి తోటలోనూ దొరికే తాళంచెవి. అయితే క్లిఫ్ పొరపడ్డాడు. నేను తొమ్మిదేళ్ళు పంపకపోయినా పోయిందేమీ లేదు, కంచెలో ఏమీ లేదు, ఎలుకలు తప్ప. అతని గుండెలో ఏదో బరువు దిగింది, నిజంగానే దిగింది, ఆ దిగడం అతనికి తెలిసింది, తెలిసి సిగ్గేసింది. ఆస్పత్రిలో కొమ్ము లేదు మావిస్ అన్న మనిషి మీద ఇలా బరువు దించుకోవడం.

గ్వెన్ కుడి గొట్టం వంచింది. ఈసారి ఎక్కువసేపు పట్టింది. సూదితో ఏదో తిప్పింది, దీపం సర్దింది, పుస్తకం తెరిచి చూసింది, మళ్ళీ కంటిని అద్దానికి ఆనించింది. తర్వాత వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, చాలా ఏళ్ళ తర్వాత అతను చూస్తున్న నవ్వు నవ్వింది. "బాగా దాచారు ట్రెవర్, దొంగ ముసలాయనా. ఇది నల్లది. నల్ల బాకు, మగది. మీ పెరడు! లోయకి మొదటిది. అందరి జాబితాలూ చెత్తబుట్టలో వేసే మనిషికి ఎట్టకేలకు ఒకటి దొరికిందన్నమాట." ఆవిడ అప్పుడే ఆ కొక్కేన్ని భద్రపరచడానికి కొత్త గాజు పలక తీసి, చీటీ మీద పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. "పట్టినవారు టి. హోల్‌రాయిడ్... మీ వీధి పేరేమిటి, నా బుర్ర..."

అంచులు చిరిగినది. పొడి రాలినది. డబ్బీకేసి కొట్టుకున్నది. ట్రెవర్‌కి ఆ చప్పుడు వినపడింది, ఎన్నడూ వినని చప్పుడు, తలుపేసిన ఫ్రీజర్లోంచి, మావిస్ బఠాణీల పక్కనుంచి. క్లిఫ్ చూసింది నిజం. అయ్యే ఉంటుంది. కానీ అనుకోవడం రికార్డు కాదు. వీధి పేరు చెబితే చాలు. ఒక్క వీధి పేరు, నిజమైన వీధి, నిజంగా తన పెరట్లోనూ ఒక బాకు వచ్చింది. ఎవరూ అడగరు, అడగాల్సినవాడు జనవరిలో వెళ్ళిపోయాడు. లేదంటే రెండో దారి, పొరపాటున చీటీ మారింది, నల్లది క్లిఫ్‌ది అనొచ్చు, అది ఇంకా మంచి అబద్ధం, మావిస్ ఏడుస్తుంది, సంతోషంతో, తను దాత అవుతాడు. చెత్తలోంచి తీసిన సరుకు మీద చనిపోయినవాడి గుర్తు వేసి వాళ్ళింటికే బహుమతిగా పంపినట్టు. క్లిఫ్ తన జీవితంలో చూడనిది చూశానని ఒక్కసారి కూడా రాయలేదు. చంపినవాడు రాయాలన్నాడు.

"గ్వెన్, రాయకండి."

ఆవిడ పెన్సిలు ఆపింది.

"ఆ చీటీ ఈ పొద్దున నేనంటించింది. ఊడిపోయింది. ఏది ఎవరిదో నాకు తెలియదు." అంతటితో ఆగుదామనుకున్నాడు, గజం అడిగితే గజమే, కానీ మాట ఆగలేదు. "అతను తొమ్మిదేళ్ళ కిందట మీకు పంపమని ఇచ్చాడు. నేను పంపలేదు. కంచె వెయ్యడానికి తీగ నా కొట్లోంచి వెళ్ళింది. మీ దగ్గర వరుసలో ఉందని చెప్పాను. అడిగిన ప్రతిసారీ."

గ్వెన్ పెన్సిలు కింద పెట్టింది. గాజు మూకుడు అంచుని వేలితో తుడిచింది. "నా పేరు చెప్పారా," అంది, ప్రశ్నలా కాదు. ఆ తర్వాత రబ్బరు తీసి, రాసిందంతా చెరిపి, కొక్కేలు రెండిటినీ చెరో పలక మీద పెట్టి, రెండు పలకలకూ ఒకే మాట రాసింది: దొరికిన చోటు తెలియదు. చోటు తెలియని నమూనా ఎందుకూ పనికిరాదని వాళ్ళిద్దరికీ తెలుసు. రెండూ ఈ లోయవే అన్నదానికీ ఇప్పుడు చీటీ తిరగంటించినవాడి నోటిమాట తప్ప రుజువు లేదు, కాబట్టి నల్ల బాకు ఆ లోయలో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. "చిరిగినది అతనిదే అనుకుంటున్నారు కదా?" అంది.

"అనుకుంటున్నా."

"నేనూ అదే అనుకుంటున్నా. దానివల్ల ఏమీ మారదు." ఆవిడ లేచి పలకలు రెండూ అట్టపెట్టెలో సర్ది అతని ముందు పెట్టింది. "మావిస్‌కి మీరే చెప్పాలి. నేను చెప్పను. టీ చల్లారింది, పోసుకుంటారా?"

"వద్దు. పెన్సిలు ఒకసారి ఇస్తారా?"

ఖాళీ డబ్బీ మీంచి చీటీని నెమ్మదిగా ఊడదీశాడు, టేపు కొత్తది కాబట్టి మూల చిరిగింది. బల్ల మీద పరిచి, బొటనవేలితో నొక్కి పట్టి, క్లిఫ్ రాసిన చివరి వరస కింద, అదే పరిమాణం అక్షరాలతో, ఒక్కటి చేర్చాడు. పోగొట్టింది: టి. హోల్‌రాయిడ్.

బయట వాన అలాగే ఉంది. వ్యాను లేదు ఇప్పుడు, కొట్టు అమ్మేసిన ఏడాదే అదీ పోయింది. మావిస్ ఇంటికి బస్సులో వెళ్ళాలి, క్లిఫ్ నడిపిన దారిలోనే, చర్చి దాటి, మడుల పక్కనుంచి, తీగ కంచె పక్కనుంచి. కోటు జేబులో చెయ్యి పెట్టి ఉన్నదంతా తడుముకున్నాడు. గాజు పలకలు రెండు, రెండిట్లో ఒకటి నిజం, ఏ చోటుకూ చెందని నిజం. చీటీ ఒకటి, అంటించడానికి డబ్బీ లేనిది, దాని మీద ఇద్దరి పేర్లు. చెప్పని మాట మాత్రం అయిపోయింది. అంతకుమించి ఏమీ మిగల్లేదు.